గట్టున ఒకరు

నకమురా దగ్గర, షిమాంతో ఏటి ఒడ్డు,
జపాన్.
16 మే 1999

ఆంజినమ్మ అమ్మకు అతావుల్లా దండాలు పెట్టి రాస్తున్న జాబు.

చేరాను. చేరిన సంగతి రేషం ఆఫీసు వాళ్ళు నీకు చెప్పి ఉంటారో లేదో. వాళ్ళకు పట్టుపురుగులు బాగుంటే చాలు, పురుగులు మేపేవాడు ఏమైతే ఏం. నెల రోజులు పెద్ద ఊళ్ళో క్లాసులు చెప్పి, ఇప్పుడు పని నేర్చుకోమని ఒక రైతు ఇంట్లో పెట్టారు. ఇంటావిడకు డెబ్బై దాటాయి. పేరు హరుకో. ఆమెను అందరూ ఏదో అని పిలుస్తారు, దానికి అర్థం అవ్వ అని తెలిసింది. అప్పట్నుంచి నేను 'అవ్వా' అనే పిలుస్తున్నాను, ఆమె పలుకుతోంది.

ఇంటి వెనకే ఏరు. పేరు షిమాంతో. అమ్మా, ఏరంటే మన చిత్రావతిలాగా పేరుకు ఏరు కాదు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నిండా నీళ్ళు. మనిషి లోతున ఉన్న గులకరాయి మీద గీత కూడా కనబడుతుంది. చుట్టూ కొండలు, కొండల నిండా చెట్లు.

వచ్చిన మొదటి రోజు ఏం చేశానో చెప్తే నవ్వుతావు. దాహమైంది. ఒడ్డున మోకాళ్ళ మీద కూచుని, చేతులతో గులకరాళ్ళు తీసి చెలమ తోడాను. జానెడు దూరంలో అంత ఏరు పారుతుంటే! మొదటి నీళ్ళు చల్లేసి, రెండో నీళ్ళు చల్లేసి, మూడో నీళ్ళు తేటపడిందాకా ఆగి దోసిలితో తాగాను. తలెత్తితే అవ్వ నిలబడి ఉంది. ఉంగరమేమైనా పోగొట్టుకున్నావా అని వేలు చూపించి అడిగింది. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చి నా చెలమ చూపించింది కూడా.

బయ్యన్న ఉంటే ఈ మాట పట్టుకుని నన్ను ఏడాది ఏడిపించేవాడు. వాడి గురించి రాయాలనే కూచున్నాను అమ్మా. వాడు పోయి మూడు నెలలైంది, ఇంకా చేయి సాగడం లేదు.

వాడి బూడిద ముంత ఇంకా చెట్టుకే ఉందా? వానలేమైనా పడ్డాయా?

నీ బిడ్డలాంటివాడు,
అతావుల్లా

*

ఏటిగడ్డపల్లి,
చిలమత్తూరు మండలం.
9 జూన్ 1999

అప్పా అతావుల్లా,

నేను ఆంజినమ్మను. చెప్పేది నేను, రాసేది నా కోడలు నాగలక్ష్మి. బయ్యన్న పెండ్లాం పదో తరగతి చదివింది కాబట్టి సరిపాయ, లేకుంటే ఈ ఊర్లో నీకు జాబు రాసేదానికి ఎవురి కాళ్ళు పట్టుకోవల్ల?

చెలమ సంగతి ఇని నవ్వినా. వాడు పోయినాక నేను నవ్వింది అదొక్కటే. అయినా నువ్వు చేసింది తప్పేమీ కాదు. ఏటి నీళ్ళు కాళ్ళకు, చెలమ నీళ్ళు గొంతుకు అని మా అత్త అంటాండె. నేను కాపరానికొచ్చిన కొత్తలో మోచేతి లోతు తోడితే నీళ్ళు. చిప్పతో ముంచుకుంటాంటిమి. బెంగుళూరు మిద్దెలకని ట్రాక్టర్లొచ్చి ఇసకంతా ఎత్తకపోయినాక మోకాలి లోతాయ, నడుం లోతాయ, ఇప్పుడు ఇద్దరు మనుషుల లోతాయ. మొన్న నాలుగిండ్లోళ్ళు కలిసి తోడితే బురదొచ్చె.

అందుకే గదా పెద్దోళ్ళు చెప్పింది, చెలమలోకి ఒకరు దిగితే గట్టున ఒకరుండల్లని. ఇసక యాడ విరుగుతాందో గట్టున ఉండేవాడికే కనబడతాది. మీ నాయనా చెప్పె, బయ్యన్న నాయనా చెప్పె. ఇనినాడా నా కొడుకు? ఒంటిగా దిగినాడు. మొండోడు. వాని మొండితనమే వాన్ని మింగె. నేను రోజూ తిడతాండా వాన్ని. తిట్టకపోతే నాకు ముద్ద దిగదు.

ముంత కానుగ చెట్టుకే ఉండాది. వాన లే, ఏరు రాలే. పారే నీళ్ళల్లో కలిపితేనే గదా వానికి దారి. ఊర్లో పెద్దోళ్ళు ఇసక తోడి, చెలమలో కలిపేయమంటాండారు. ఇసకలో పోయినోన్ని మళ్ళా ఇసకలోనే పూడ్చమంటారా? నేను ఒప్పుకోలే.

నిజం చెప్పు, ఆ ఏరు ఎండాకాలం గూడా పారతాదా?

ఆంజినమ్మ

అతావుల్లా గారికి,
కింది రెండు మాటలు అత్తకు తెలియవు. నీళ్ళ సంగతులు ఎక్కువ రాయొద్దండి. మీ జాబు చదివి వినిపించిన రోజు నుంచి పొద్దున్నే పోయి ఆ చెట్టు కింద కూచుంటాంది. ముంతతో మాట్లాడుతాంది. తిండికి పిలుచుకొచ్చేసరికి నా పానం పోతాంది.
నాగలక్ష్మి

*

షిమాంతో ఒడ్డు.
1 జూలై 1999

అమ్మా,

నువ్వు అడిగాక చెప్పకుండా ఉండలేను. పారుతుంది. ఎండాకాలమూ పారుతుంది. ఈ ఏరు ఎండిపోవడం చూశావా అని అవ్వను అడిగితే, నా ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. నిఘంటువు తీసి చూపించాను. అప్పుడూ తల అడ్డంగా ఊపి, 'ఏరు ఎట్లా ఎండుతుంది?' అంది. నేను పుస్తకం మూసేశాను.

వీళ్ళ బతుకంతా ఏటితోనే. ఏట్లో ఒక చేప ఉంది, దాని పేరు ఆయు. చేతిలోకి తీసుకుంటే దోసకాయ వాసన. ఒక్క ఏడాదే బతుకుతుందట. పడవల్లో పోయి దాన్ని పట్టేవాళ్ళు, చలికాలం ఏటి పాచిని ఏరి తాళ్ళ మీద ఆరేసుకుని కూరల్లో వేసుకునేవాళ్ళు, ముల్లంగి కడుక్కునేవాళ్ళు, ఎవరి పని వాళ్ళది. పోయిన ఆదివారం ఊరంతా సంచులు పట్టుకుని ఒడ్డు శుభ్రం చేయడానికి దిగింది. నేనూ పోయాను. రెండు గంటలు వెతికితే నా సంచిలో పడింది ఒక చెప్పు, రెండు సీసాలు. సిగ్గేసింది.

వంతెనలు ఇంకా చిత్రం. వాటికి పక్కన గోడలుండవు, కటకటాలుండవు. వరదొస్తే నీళ్ళు వంతెన మీది నుంచే పోతాయి. వరద తీశాక మళ్ళీ జనం నడుస్తారు. ఏటికి అడ్డం నిలబడకూడదు, వంగి దారి ఇవ్వాలి అంటుంది అవ్వ. బడి పిల్లలు వంతెన మీది నుంచి నీళ్ళల్లోకి దూకుతారు. వాళ్ళు దూకినంత సేపూ ఎవరో ఒక ముసలాయన గొడుగు వేసుకుని గట్టున కూచుంటాడు. ఊరికే కూచుంటాడు. ఆఖరి పిల్లవాడు పైకెక్కిందాకా లేవడు.

ఆయన్ను చూసినప్పుడల్లా నేను ఆ దారి మాని చుట్టు తిరిగి పోతున్నాను.

అమ్మా, బయ్యన్నను తిట్టొద్దు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

అతావుల్లా

చెల్లెమ్మా,
నీ మాట కాదని నీళ్ళ సంగతే రాశాను. కోప్పడొద్దు. అమ్మకు అబద్ధం రాయలేకపోయాను.

*

ఏటిగడ్డపల్లి.
20 జూలై 1999

అప్పా అతావుల్లా,

నీ జాబు నాలుగు తూర్లు చదివించుకున్నా. ఏరు ఎట్లా ఎండుతుందని అడిగిందా ఆ యమ్మ? పుణ్యాత్మురాలు. ఆ మాట నాకు కడుపులో చల్లగా ఉండాది.

ఇంగ నా మాట ఇను. ఈ జాబులో ఒక పొట్లం ఉండాది. ముంత దించి ఒక చిటికెడు తీసినా. మనూరి ఏరు వచ్చేది ఎప్పుడో, నేను చూసేది ఎప్పుడో. ఆ పారే నీళ్ళల్లో వాన్ని కలుపు. సగం మనిషన్నా చల్లబడనీ.

పూజారి బసప్ప అడిగినాడు, సాయిబుల పిల్లోడు కలిపితే చెల్లుతాదా అని. నేనన్నా, వాళ్ళిద్దరూ ఒకే చెలమలో మూతులు పెట్టి దూడల మాదిరి తాగినారు, అప్పుడు యాడ పోయింది నీ శాస్త్రమని. నోరు మూసుకొని పోయినాడు.

నీ దేవునికి మొక్కుకొని కలుపు. ఏ దేవుడైనా సరే, నీళ్ళున్న దేవుడు.

వాన్ని తిట్టొద్దంటివి. ఎందుకు తిట్టను? గట్టున మనిషి లేకుండా దిగొద్దని ఎన్ని తూర్లు చెప్పినా? ముసిల్దాని మాట ఇనలేదు గదా. తిడతా.

ఆంజినమ్మ

అతావుల్లా గారికి,
ఆయన్ను అంత దూరం పంపడం నాకిష్టం లేదు. పొట్లం కట్టేటప్పుడు వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. అత్తకు అడ్డం చెప్పే మొగం నాకు లేదు.
నాగలక్ష్మి

*

షిమాంతో ఒడ్డు.
20 ఆగస్టు 1999

అమ్మా,

పొట్లం అందింది. పది రోజులు నా పెట్టెలో, నమాజు చాప కింద పెట్టుకున్నాను.

ఇక్కడ ఆగస్టులో చచ్చిపోయినవాళ్ళు ఇండ్లకు వస్తారని నమ్మకం. మూడు రోజులుండి పోతారట. పోయేటప్పుడు దారి కనబడాలని, కాగితం దీపాల మీద వాళ్ళ పేర్లు రాసి, పొద్దు గుంకే వేళ ఏట్లో వదులుతారు. అవ్వ నాకూ ఒక దీపం ఇచ్చింది. తన పెనిమిటి పేరు తాను రాసుకుంది. నేను తెలుగులో 'బయ్యన్న' అని రాశాను. ఆ అక్షరాలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయని అవ్వ మెచ్చుకుంది.

ఎట్లా పోయాడని అడిగింది. ఏట్లో అని చెప్పాను. వరదకు కొట్టుకుపోయాడనుకుంది పాపం. ఏటి వైపు తిరిగి నడుం వంచి దండం పెట్టింది. నీళ్ళు లేక ఏట్లో పోయాడని చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

దీపం వదిలాను. కింద రేవులో పడవలు వేసుకుని ఉన్నవాళ్ళు దీపాలన్నీ ఏరేస్తారు. ఏరు మురికి కాకూడదని. పేరు నీళ్ళ మీద కొంచెం దూరం పోతే చాలట. తర్వాత నేను పొట్లం పట్టుకుని వంతెన మధ్యకు పోయాను. విప్పలేకపోయాను. తిరిగొచ్చాను. పొట్లం ఇదిగో, నా ముందే ఉంది.

ఎందుకు విప్పలేకపోయానో చెప్తాను. చెల్లెమ్మా, ఇక్కడి నుంచి ఒక్క ముక్క వదలకుండా అమ్మకు చదివి వినిపించు.

అమ్మా, బయ్యన్న ఒంటిగా దిగే మనిషి కాదు. ఆ రోజు గట్టున ఉండాల్సింది నేను. ముందు రోజు సాయంత్రమే మాట అనుకున్నాం. ట్యాంకరు రాలేదు, ఆవు ఈనడానికి ఉంది, చెలమ తోడాలన్నాడు. 'రేపు హిందూపురంలో జపాన్ ట్రైనింగు లిస్టు పెడతారు, చూసుకుని పది గంటల బస్సుకు వచ్చేస్తా, నేనొచ్చిందాకా దిగొద్దు' అన్నాను. 'సరే, బిందెలు కడిగి పెట్టుకుంటా' అన్నాడు.

లిస్టులో నా పేరుంది. రేషం ఆఫీసు దివాకర్ భుజం మీద చరిచి హోటలుకు లాక్కుపోయాడు. దోసెలు తిన్నాం. టీలు తాగాం. పది గంటల బస్సు నా కళ్ళ ముందే పోయింది. పోనీలే, బయ్యన్న ఆగుతాడు అనుకున్నాను. పాస్‌పోర్టుకు ఫోటో కావాలంటే స్టూడియోకు పోయి దిగాను. నాలుగు గంటల బస్సుకు వచ్చాను. స్టాపులోనే చెప్పారు.

ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను అమ్మా. ఆ వేళకు వాడు ఇసుక కింద ఉన్నాడు. ఆ నవ్వు మొహమే నా పాస్‌పోర్టులో ఉంది. దాన్ని చూపించే ఈ దేశంలోకి వచ్చాను, దాన్ని చూపించే తిరిగి రావాలి.

నువ్వు 'మొండోడు, ఒంటిగా దిగినాడు' అని నా ముందే వాణ్ణి తిట్టావు. వాడి దినాలకు కూడా తిట్టావు. నేను పక్కనే నిలబడి నోరెత్తలేదు. చచ్చినవాడి మీద నా తప్పు వేసి, వాడి బూడిదను నా చేత్తో కలపడానికి నాకు ఏం హక్కుంది? నన్ను మాఫ్ చేయమని అడుగుతున్నాను. చేయకపోయినా సరే, వాణ్ణి మాత్రం తిట్టొద్దు.

అతావుల్లా

*

ఏటిగడ్డపల్లి.
22 సెప్టెంబరు 1999

అన్నా,

ఇది నేనొక్కదాన్నే రాస్తున్న జాబు. అత్త చెప్పింది కాదు.

మీ జాబు వచ్చి ఇరవై రోజులైంది. దీపాల దాకా చదివి మడిచి పెట్టినాను. మిగిలింది ఏముందని అత్త అడిగితే, అంతే అన్నాను. కలిపినాడా అని అడిగితే, ఇంకా లేదంట అన్నాను. మీరు ఒక్క ముక్క వదలొద్దని రాసినారు. నేను వదిలింది మీ కోసం కాదు, నా కోసం.

ఆయన మీ కోసం ఆగినాడు. పది గంటల బస్సు చూసినాడు, మళ్ళా పన్నెండు గంటల బస్సు గూడా చూసినాడు. ఆవు అరుస్తాంది. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. 'నువ్వన్నా రా, గట్టున నిలబడు' అని నన్ను పిలిచినాడు. పోయినాను. ఆయన ఒంటిగా దిగలేదన్నా. గట్టున నేనుండాను.

ఆయన కింద చిప్పతో ముంచి బిందెకు పోసినాడు, నేను తాడుతో పైకి లాగినాను. రెండు బిందెలు నిండినాయి. 'నువ్వు పో, ఆవు అరుస్తాంది. నేను పార తీసుకొని ఎక్కొస్తా' అన్నాడు. ఎక్కినాక పోతా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తలమీదొక బిందె, చంకలో ఒక బిందె. మెడ నొప్పి పుడతాంది. ఆయన ఎక్కేది చూడకుండానే తిరుక్కున్నాను. వెనక ఏ సద్దూ రాలేదు. ఇసక పడితే సద్దు రాదన్నా.

ఆవుకు నీళ్ళు పెట్టినాను. కడుపు నిండా తాగింది. ఆయన ఇంకా రాలేదే, ఇంకో బిందె తెచ్చుకుందామని ఖాళీ బిందెతో మళ్ళా పోయినాను. అప్పటికే ఏట్లో జనం. గొర్రెలోళ్ళు చూసి కేకలు పెట్టినారంట. నా చంకలో ఖాళీ బిందె చూసి, 'పాపం, ఇప్పుడే నీళ్ళకొస్తాంది, ఈమెకేమీ తెలీదు' అని ఆడోళ్ళు నన్ను పట్టుకున్నారు. నేను ఔననలేదు. కాదనలేదు. ఊరుకున్నాను. ఆ ఊరుకున్నదే ఇంత కాలం నడిచింది.

అత్త తిట్టినప్పుడల్లా నా చేత్తోనే రాసినాను, మొండోడు, ఒంటిగా దిగినాడు అని. మీకైనా ఒక జాబు రాసే ధైర్యమొచ్చింది. నేను ఒకే ఇంట్లో, ఒకే కంచంలో ఉండి చెప్పలేకపోయినాను. మీరు బస్సు ఎక్కలేదు, నేను నిలబడలేదు. ఇద్దరం కలిసి ఆయన్ను మొండోన్ని చేసినాం.

ఈ జాబు పోస్టు డబ్బాలో వేసొచ్చి, మీ జాబు తీసి అత్తకు మొత్తం చదువుతా. తర్వాత నాది చెప్తా. ముందే మీకు రాసేస్తే, ఇంగ వెనక్కి తిరిగేదానికి దారుండదని ఇట్లా చేస్తాండాను.

నన్ను ఇంట్లో ఉంచుతుందో లేదో తెలీదు. వెళ్ళగొడితే పోతా. అత్తకు జాబు చదివేవాళ్ళు ఉండరని ఒక్కటే దిగులు.

నాగలక్ష్మి

*

ఏటిగడ్డపల్లి.
6 అక్టోబరు 1999

అతావుల్లా,

చెప్పేది ఆంజినమ్మ. రాసేది నాగలక్ష్మే. ఇంకెవురున్నారు?

నీది ఇన్నా. ఈమెదీ ఇన్నా. పద్నాలుగు రోజులాయ ఈమెతో నేను మాట్లాడక. కూడు పెడితే తింటాండా, లేయమంటే లేస్తాండా, నోరు మాత్రం తెరవలే. ఈ పొద్దు ఈ జాబు చెప్పేదానికి తెరిచినా. రాస్తా ఏడుస్తాంది. కాయితం తడిస్తే నువ్వే సర్దుకొని చదువుకో.

మొన్న రెండు దినాలు వాన పడె. ఏరు తడిసింది, పారలే.

చెట్టు కాడికి పోయినా. మొండోడివని ఎనిమిది నెలలు తిట్టినా గదా వాన్ని. చెప్పిన మాట ఇన్నాడు నా కొడుకు. నీ కోసం ఆగినాడు, నువ్వు రాకుంటే పెండ్లాన్ని పిలుచుకున్నాడు. గట్టున మనిషిని పెట్టుకొనే దిగినాడు. తప్పు చేసినోళ్ళు ఇద్దరుండంగా తిట్లు తిన్నది నోరు లేనోడు. ముంతను రెండు చేతుల్తో పట్టుకొని, తప్పాయ నాయనా అన్నా. ఇంకేమంటా?

నీ మీద నాకు కోపం ఉండాది. దోసె కాడ కూచుంటివి గదా అతావుల్లా. ఈమె మీద గూడా ఉండాది. అది పోదు. పోయిందని చెప్తే అబద్ధం. మాఫ్ చేయమని అడిగినావు. అది నా కాడ లే. వాని కాడుండాది, వాడు లే.

ఈమెను పొమ్మనలే. ఇద్దరం ఒకటే మనిషిని పోగొట్టుకున్నాం, యాడికని పొమ్మనల్ల?

ఇంగ ఆ పొట్లం. పెట్టెలో పెట్టుకొని ఏడ్చేదానికి కాదు నేను పంపింది. నీకు హక్కు లేదని రాసినావు. హక్కు సంగతి నిన్నెవురు అడిగినారు? ఆ పొద్దు నువ్వు చేయాల్సిన పని మిగిలిపోయింది, అది చెయ్. వంతెన మీది నుంచి ఇసిరేయొద్దు. నీళ్ళల్లోకి దిగు. నడుం లోతుకు పోయి, పేరు చెప్పి, చేతుల్లో నుంచి మెల్లగా ఇడువు. ఒంటిగా దిగలేదని అమ్మకు తెలిసిందని వానికి చెప్పు.

ఒకటి మాత్రం మరిసిపోవద్దు. పారే ఏరంటాండావు, మనిషి లోతంటాండావు. నీకు ఈత రాదు. ఆ హరుకో అవ్వను వెంట పిలుచుకొని పో. ఆ యమ్మకు మన మాట రాకపోతే సైగ చేసి చెప్పు, గట్టున నిలబడమను. ఏ పనున్నా సరే, నువ్వు పైకెక్కిందాకా పోవద్దని చెప్పు.

ఎక్కినాక, ఎక్కినానని రెండు మాటలు రాయి. ఈమె చదువుతాది. నేను ఇంటా.

ఆంజినమ్మ